పాత బండికి వేరే మోడల్ ఫోర్క్ వేయాలంటే: కొలత దగ్గర్నుంచి రోడ్డు దాకా

ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని గతుకుల్ని మింగే భాగం) మార్చాలనే ఆలోచన పాత బండి ఉన్న ప్రతివాళ్ళకీ ఏదో ఒకరోజు వస్తది. యమహా ఆర్‌ఎక్స్ 100 డ్రమ్ము బ్రేకు హైవే మీద సరిపోవట్లేదని ఒకరికి, బుల్లెట్ ఫోర్క్ గొట్టాలు తుప్పు తినేసి మంచివి దొరకట్లేదని ఇంకొకరికి. రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్ళకైతే డిస్క్ కోరిక పుట్టుకతోనే ఉంటది, ఎందుకంటే దానికి మూలమైన జపాన్ యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్క్ ఉండేది, మనకి ఎస్కార్ట్స్ వాళ్ళు 1983 నుంచి అమ్మిందానికి మాత్రం 7 అంగుళాల డ్రమ్ము ఇచ్చారు. ఏ కారణమైనా సరే, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విజయనగరం గంటస్తంభం దాకా ఎవర్నడిగినా "ఆ మోడల్‌ది దీనికి పట్టేస్తది అన్నా" అనే మాటే ముందు వినపడుద్ది. పట్టడం వేరు, బండి తిన్నగా నడవడం వేరు. ఈ పనిలో సగం పైగా టేబుల్ మీద వర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పట్టుకునే అయిపోవాలి, పానా పట్టేది ఆ తర్వాతే.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు

మొదటిది, ఫోర్క్ అంటే రెండు గొట్టాలు అనుకోవద్దు. టాప్ టీ, స్టెమ్‌తో సహా బాటమ్ టీ (టీ అంటే గొట్టాల్ని పైనా కిందా కలిపి పట్టుకునే బిగింపు, స్టెమ్ అంటే చాసిస్‌లో తిరిగే కడ్డీ), రెండు కాళ్ళు, యాక్సిల్, స్పేసర్లు, చక్రం, బ్రేకు, స్పీడోమీటర్ డ్రైవు, ఇవన్నీ ఒకే బండివి ఒకే సెట్‌గా కొనండి. గొట్టాలొక చోట, టీ ఒక చోట, డ్రమ్ము ప్లేటు ఇంకోచోట ఏరుకుంటే చౌకగా అయినట్టే ఉంటది గానీ ఒక్కోదానికి బుష్ తిప్పించుకుంటూ లేతు చుట్టూ తిరిగేసరికి సెట్ ఖరీదు దాటిపోద్ది, పైగా ప్రతి బుష్ ఒక లూజు అయ్యే చోటే.

రెండోది, చాసిస్ నెక్ (స్టెమ్ లోపల తిరిగే ముందు గొట్టం) జోలికి పోవద్దు. కొయ్యడం, బోరు కొట్టించడం, వెల్డింగు, ఏదీ వద్దు. చాలా బళ్ళకి చాసిస్ నంబరు కొట్టి ఉండేది ఆ నెక్ మీదే, అక్కడ గ్రైండర్ తగిలిందంటే బండి కాగితాలకే ఎసరు. మీరు చేసే మార్పు ఏదైనా, రేపు మళ్ళీ పాత ఫోర్క్ అలాగే ఎక్కించుకునేలా ఉండాలి.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి పని మొదలెట్టకముందే ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరా అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. మీ బండి 50 ఏళ్ళు దాటిందా, అయితే ఇంకోసారి ఆలోచించండి, 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ బండి అసలు రూపంలో ఉండాలనే అడుగుతాయి. అలాంటి బండికి వేరే ఫోర్క్ కంటే అదే మోడల్ ఫోర్క్ వెతికి బాగుచేయించుకోవడమే మేలని నా అభిప్రాయం.

కొలతలు

మీ బండివీ, కొనబోయే ఫోర్క్‌వీ పక్కపక్కన ఒక కాగితం మీద రాయండి. గొట్టం మందం ముందు, 27, 30, 31, 33, 35 మి.మీ., ఇలా ఉంటాయి, 30కీ 31కీ కంటికి తేడా తెలీదు, వర్నియర్‌తోనే చూడాలి. "30 గొట్టాన్ని 31 టీలో రేకు చుట్టి బిగించేద్దాం" అని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి, పించ్ బోల్టు (టీని గొట్టం మీద బిగించేది) పట్టు గొట్టం చుట్టూ సమానంగా ఉండాలి, రేకు పెడితే రెండు మూడు చోట్లే పట్టి మిగతాదంతా గాల్లో ఉంటది, గుంటలో పడ్డప్పుడు గొట్టం టీలోంచి జారుద్ది.

తర్వాత స్టెమ్. నెక్‌లో పై కప్పు (బేరింగు కూర్చునే గిన్నె) నుంచి కింది కప్పుకి ఎంత దూరమో, స్టెమ్ మీద బేరింగులు కూర్చునే రెండు చోట్ల మధ్య ఎంత దూరమో చూడండి. కొత్త స్టెమ్ కాస్త పొడవైతే పైన స్పేసర్ వేసుకోవచ్చు, పొట్టిదైతే నట్టుకి మరలు చాలవు, అది పనికిరాదు. స్టెమ్ మందం పైన వేరు కింద వేరు ఉండొచ్చు, రెండూ రాయండి, కప్పుల బయటి కొలత కూడా.

మూడోది ఆఫ్‌సెట్, దీన్ని ఎక్కువమంది కొలవరు. రెండు గొట్టాల కేంద్రాలని కలిపి ఒక గీత ఊహించుకోండి, స్టెమ్ కేంద్రం ఆ గీతకి ఎంత వెనక ఉందో అదే ఆఫ్‌సెట్. కొన్ని ఫోర్కులకి యాక్సిల్ గొట్టం కింద తిన్నగా కాకుండా ముందుకి ఉంటది, ఆ దూరం కూడా కలుపుకోవాలి. ఇక బాటమ్ టీ అడుగు నుంచి యాక్సిల్ మధ్యకి ఫోర్క్ పొడవు, స్ప్రింగ్ పూర్తిగా సాగి ఉన్నప్పటిది. చక్రం మొత్తం ఎత్తు. యాక్సిల్ మందం. రెండు గొట్టాల మధ్య దూరం, మడ్‌గార్డ్ పట్టాలి కదా. అంతే.

ట్రెయిల్ లెక్క, ఇది వదలొద్దు

హ్యాండిల్ వదిలేసినా బండి తిన్నగా పోతుందంటే దానికి ఒక ముఖ్య కారణం ట్రెయిల్. స్టెమ్ గీతని అలాగే కిందికి పొడిగిస్తే నేలని ఒకచోట తాకుద్ది, టైరు నేలకి ఆనేది దానికంటే కొంచెం వెనక ఉంటది, ఆ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. కిరాణా కొట్టులో ట్రాలీ చక్రం ఎటు లాగితే అటు వెనక్కి తిరిగి వస్తది చూడండి, అదే సూత్రం. ఇది తగ్గితే బండి చురుగ్గా తిరుగుద్ది గానీ స్పీడులో హ్యాండిల్ కొట్టుకుంటది, ఎక్కువైతే తిన్నగా పోద్ది గానీ జంక్షన్లో తిప్పాలంటే బరువుగా ఉంటది.

లెక్క ఇలాగ. చక్రం వ్యాసార్థాన్ని రేక్ కోణం (స్టెమ్ ఎంత వాలి ఉందో) సైన్‌తో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్ తీసేసి, వచ్చినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగించండి. ఉదాహరణకి వ్యాసార్థం 300 మి.మీ., రేక్ నిలువు గీత నుంచి 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 50 అనుకుంటే ట్రెయిల్ 97 దాకా వస్తది. ఆఫ్‌సెట్ 60 ఉన్న టీ వేశారనుకోండి, 85కి పడిపోద్ది. ఆఫ్‌సెట్ 40 అయితే 108. అంటే టీలో ఒక సెంటీమీటరు తేడా ట్రెయిల్‌లో 11 మి.మీ. పైనే.

ఫోర్క్ పొడవు కూడా ఇందులోకే వస్తది. రెండు చక్రాల మధ్య 1300 మి.మీ. ఉన్న బండికి ముందు 25 మి.మీ. దిగిందంటే రేక్ ఒక డిగ్రీ పైచిలుకు నిటారు అవుద్ది, ట్రెయిల్ ఇంకో 6, 7 మి.మీ. తగ్గుద్ది. పొట్టి ఫోర్క్, ఎక్కువ ఆఫ్‌సెట్, చిన్న చక్రం, ఈ మూడూ ఒకే దిక్కుకి లాగుతాయి, మూడూ ఒకేసారి పడితే ఆ బండి నాతవలస దగ్గర హైవే ఎక్కి లారీ గాలి తగలగానే ఊగడం మొదలెడుద్ది. మీ పాత ట్రెయిల్‌కి 5 మి.మీ. అటూ ఇటూలో ఉంటే హాయి, 10 దాటి తగ్గుతుంటే ఆ ఫోర్క్ వదిలేసి వేరేది వెతకండి, నేనైతే అంతే చేస్తా.

చక్రం కొలత మారితే స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్పుద్ది. బుల్లెట్‌కి ముందు టైరు 3.25-19, ఆర్‌ఎక్స్ 100కి 2.50-18 (మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము, అంగుళాల్లో). 19 చక్రానికి లెక్కకట్టిన మీటరుని ఈ చిన్న చక్రంతో తిప్పితే మీరు 60లో వెళ్తుంటే 66 చూపిస్తది.

బుల్లెట్ వాళ్ళకి ప్రత్యేకంగా

పాత బుల్లెట్‌కి హెడ్‌లైటు, స్పీడోమీటరు, ఆంపియర్ మీటరు, పక్కన రెండు టైగర్ లైట్లు అన్నీ కూర్చునే ఆ పెద్ద క్యాస్కెట్ ఉంది చూశారా, అదే దానికి టాప్ టీ కూడా. ఫోర్క్ గొట్టాల పైన మరలుంటాయి, అవి క్యాస్కెట్‌లోకి తిరిగి బిగుసుకుంటాయి, కింద టీ పించ్ బోల్టులు పట్టుకుంటాయి. కాబట్టి మామూలు ఫోర్కుల్లాగా గొట్టాన్ని టీలో కొంచెం పైకి జరిపి ఎత్తు సర్దుకోవడం ఇక్కడ కుదరదు. వేరే మోడల్ ఫోర్క్ వేస్తే క్యాస్కెట్ మొత్తం పోయి హెడ్‌లైటుకి చెవులు, మీటర్లకి బ్రాకెట్లు, వైరింగు అంతా కొత్తగా చేసుకోవాలి, బుల్లెట్ ముఖమే మారిపోద్ది. డిస్క్ కోసమే అయితే క్యాస్కెట్‌తోనే డిస్క్ వచ్చిన తర్వాతి బుల్లెట్ మోడల్స్ ఫోర్క్ కాళ్ళు వెతుక్కోవడం నూరుపాళ్ళు నయం, కొనేముందు గొట్టం పైన మర ఒకటేనా కాదా అన్నది మీ పాత గొట్టం పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసుకోండి.

పాత ఫోర్క్ కొనేటప్పుడు

మన వైపు సముద్రం దగ్గర. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు తిరిగిన బండి ఫోర్క్ అయితే గొట్టం మీద క్రోమ్ ముందు చూడండి. తుడిచేసి, వేలి గోరుని సీలు ఆడే భాగం మీద పైనుంచి కిందికి నెమ్మదిగా గీయండి. గోరు ఎక్కడైనా టక్కున ఆగిందంటే అక్కడ గుంట ఉన్నట్టే, కొత్త సీలు వేసినా ఆ గుంట దాని పెదవిని కోసేస్తది, కొన్నాళ్ళకే ఆయిల్ కారుద్ది. గుంటలు సీలు తిరిగే చోటకి పైన, టీ లోపల ఉంటే ఇబ్బంది లేదు. బాగా పాడైన గొట్టానికి హార్డ్ క్రోమ్ వేసి గ్రైండింగ్ చేయించాలి, బంపర్లకి వేసే మెరుపు క్రోమ్ ఇక్కడ పనికిరాదు, ఈ పని కోసం విశాఖ ఆటోనగర్ వైపు వెళ్ళి అడగాల్సిందే.

గొట్టం వంకర చూడాలంటే కాళ్ళు విప్పించి గొట్టాన్ని మందపాటి అద్దం మీద దొర్లించండి, కింద వెలుతురు కనపడి మాయమవుతుంటే వంగింది. టీలని కూడా వదలొద్దు, బాగున్న రెండు గొట్టాలు బిగించి పక్కనుంచి చూస్తే రెండూ ఒకే గొట్టంలా కలిసిపోవాలి. అల్యూమినియం టీకి పించ్ బోల్టు దగ్గర సన్న పగులు ఉందేమో డీజిల్‌తో కడిగి చూడండి. వంగిన టీని కొట్టి తిన్నగా చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

విప్పడం

మెయిన్ స్టాండ్ వేసి ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం లేపండి, వెనక చక్రానికి తాడు కట్టేయండి. బ్యాటరీ వైరు తీసేయండి. వైర్లు, కేబుళ్ళు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. చక్రం, మడ్‌గార్డు, కాళ్ళు, హ్యాండిల్, టాప్ టీ, ఈ వరసలో తీసి, స్టెమ్ నట్టు విప్పేటప్పుడు కింద పెద్ద పళ్ళెం గానీ గుడ్డ గానీ పరవండి, పాత బళ్ళల్లో విడి బేరింగు గుండ్లే ఉంటాయి, పైవి ఎన్నో కిందివి ఎన్నో లెక్కపెట్టి వేరువేరుగా దాచండి.

నెక్ లోపలి కప్పుల్ని తుడిచి టార్చ్ వేసి చూస్తే, బాగా తిరిగిన బండికి గుండ్లు కూర్చున్న చోట వరసగా చిన్న చిన్న సొట్టలు కనపడతాయి. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు టక్కున ఒక గాడిలో కూర్చున్నట్టు అనిపించేది ఆ సొట్టల వల్లే. అలాంటి కప్పుల్లో కొత్త గుండ్లు వేసి లాభం లేదు, కోన్ సెట్ (కప్పులూ గుండ్లూ అన్నీ) మొత్తం మార్చాలి.

స్టెమ్, బేరింగులు

ఇక్కడ రెండు దారులున్నాయి. సులువైనది, కొత్త ఫోర్క్ స్టెమ్‌ని అలాగే వాడి బేరింగు మార్చడం. లోపలి కొలత కొత్త స్టెమ్‌కి, బయటి కొలత మీ నెక్‌కి సరిపోయే టేపర్ రోలర్ బేరింగు ఉందేమో బేరింగుల షాపులో అడగండి. బండి పేరు చెప్పొద్దు, మూడు కొలతలు (లోపలిది, బయటిది, మందం, మి.మీ.లో) చెప్పండి. 32005 అంటే 25-47-15, 32006 అంటే 30-55-17, ఇలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి. ఎత్తులో తేడా వస్తే స్టీలు స్పేసరు తిప్పించుకోవచ్చు.

రెండోది, మీ పాత స్టెమ్‌ని గానీ కొత్తగా తిప్పించిన స్టెమ్‌ని గానీ కొత్త టీలోకి ప్రెస్ చేయించడం. అల్యూమినియం టీలో స్టీలు స్టెమ్ అయితే బిగువు (స్టెమ్ రంధ్రం కంటే ఎంత లావుగా ఉందో అది) 30 మి.మీ. మందానికి 0.03 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. స్టెమ్‌కి కింద షోల్డర్ (మెట్టు) వచ్చేలా తిప్పించండి, బరువంతా ప్రెస్ మీదే వదలొద్దు. విజయనగరంలో నేను పని చేయించుకునే లేతు మేస్త్రి గారు స్టెమ్‌ని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టుకు రమ్మంటారు. టీని ఇసక పళ్ళెంలో పెట్టి పొయ్యి మీద కాస్తారు, మంట నేరుగా తగలనివ్వరు. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోయే వేడి వచ్చాక కూడా ఇంకాస్త ఆగుతారు. అల్యూమినియంలో 30 మి.మీ. రంధ్రం 120 డిగ్రీల వేడి పెరిగితే 0.08 మి.మీ. పెద్దదవుద్ది, బిగువు కంటే అదే ఎక్కువ కాబట్టి స్టెమ్ దానంతటదే జారి కూర్చుంటది. "బాబూ, దించితే ఒక్కసారే దించాలి, మధ్యలో ఆపితే అక్కడే పట్టేసుకుంటది" అని ప్రతిసారీ చెప్తారు. చల్లారాక చతురం (మూలమట్టం) పెట్టి స్టెమ్ టీకి నిటారుగా ఉందో లేదో చూస్తారు. ఈ పని సుత్తితో కొట్టి చేసే చోట చేయించొద్దు. స్టెమ్‌కి వెల్డింగు అసలే వద్దు.

లేతు పని మన దగ్గర బాగా దొరుకుద్ది, లారీల ఊరైన సాలూరులో అయితే మరీను. కానీ లారీ పిన్నుకీ దీనికీ కావలసిన కొలత వేరు, మైక్రోమీటర్ వాడే మేస్త్రినే ఎంచుకోండి.

ఫోర్క్ లోపల పని

ఎక్కించే ముందు రెండు కాళ్ళూ విప్పి కిరసనాయిల్‌తో కడగండి. అడుగున అలెన్ బోల్టు ఉంటది, దానికింద రాగి వాషరు కొత్తది వేయండి, లేకపోతే అక్కడే కారుద్ది. సీలు మీద మూడు కొలతలు రాసి ఉంటాయి, అవే చెప్పి కొనండి, ఎక్కించేముందు పెదవికి ఆయిల్ రాసి, గొట్టం పై అంచుకి పలచని ప్లాస్టిక్ కవర్ తొడిగి దింపితే పెదవి తెగదు.

ఆయిల్ గ్రేడు (చిక్కదనం) 10 గానీ 15 గానీ 20 గానీ ఆ ఫోర్క్ మాన్యువల్ చెప్పినదే. మిల్లీలీటర్లు కొలిచి పోయడం ఒక పద్ధతి, దానికంటే స్ప్రింగులు తీసేసి, ఫోర్క్‌ని పూర్తిగా నొక్కేసి, గొట్టం పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతులో ఉందో స్కేల్ పెట్టి చూడడం నమ్మకం, రెండు కాళ్ళల్లోనూ ఒకటే రావాలి.

స్ప్రింగు సంగతి బరువుని బట్టి. ఆర్‌ఎక్స్ 100 వంద కేజీల చుట్టుపక్కల బండి, బుల్లెట్ 160 దాటుద్ది. బరువు బండి స్ప్రింగు తేలిక బండికి వేస్తే మణికట్లు నొప్పెడతాయి, తేలికది బరువు బండికి వేస్తే బ్రేకు పట్టగానే ముక్కు నేలకి దిగుద్ది. మీరు కూర్చున్నాక ఫోర్క్ తన మొత్తం ఆటలో (పైకీ కిందికీ కదిలే దూరంలో) పావు నుంచి మూడో వంతు లోపు దిగితే సరి. చాలామంది మెత్తగా అవుద్దని స్ప్రింగు ఒకటి రెండు చుట్లు కోయిస్తారు, చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుద్దే తప్ప మెత్తబడదు. తక్కువ దిగితే పైన స్పేసరు తగ్గించండి, ఎక్కువ దిగితే పెంచండి.

ఎక్కించడం

మొదటిసారి స్ప్రింగులు లేకుండా బిగించండి. చక్రం, మడ్‌గార్డుతో సహా అంతా పెట్టి ముందుభాగాన్ని పూర్తిగా కిందికి దింపి చూడండి. టైరు గానీ మడ్‌గార్డు గానీ బాటమ్ టీకో సైలెన్సర్ పైపుకో చాసిస్ గొట్టానికో తగిలితే ఆ ఫోర్క్ అలా వాడకూడదు, గుంటలో పడి తగిలినప్పుడు చక్రం అక్కడికక్కడ పట్టేస్తది. అలాగే ఉంచి హ్యాండిల్ ఎడమ కొస నుంచి కుడి కొస దాకా తిప్పండి. ట్యాంకుకి గొట్టం తగులుతుందా, స్టాపర్లు (హ్యాండిల్ మరీ తిరక్కుండా ఆపే ముక్కులు) రెండు వైపులా కలుస్తున్నాయా, కేబుళ్ళు లాగుతున్నాయా చూడండి. స్టాపర్ కలవకపోతే బాటమ్ టీకి చేయించుకోండి, నెక్ మీద కాదు.

తర్వాత స్ప్రింగులు వేసి, గ్రీజు నిండా పెట్టి, స్టెమ్ నట్టుని గట్టిగా బిగించి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పి మళ్ళీ వదులు చేసి, అప్పుడు చేతికి ఆట తగలనంత వరకే బిగించండి. చక్రం గాల్లో ఉండగా వేలితో తోస్తే హ్యాండిల్ సొంత బరువుకే పక్కకి పడిపోవాలి, కాళ్ళు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ ఉండకూడదు. రెండూ ఒకేసారి కుదరాలి. ఆ తర్వాత టాప్ నట్టు, ఆ తర్వాతే పించ్ బోల్టులు, 8 మి.మీ. బోల్టుకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు, అల్యూమినియం టీలో ఇంకా తక్కువే.

యాక్సిల్ నట్టు బిగించి, రెండోవైపు క్లాంపు వదులుగా ఉంచి, బండి దింపి ముందు బ్రేకు పట్టి ఫోర్క్‌ని ఐదారుసార్లు గట్టిగా నొక్కండి, కాళ్ళు వాటంతటవే సమానంగా సర్దుకుంటాయి, అప్పుడు క్లాంపు బిగించండి. ముందు చక్రం వెనక చక్రానికి ఒకే గీతలో ఉందో లేదో రెండువైపులా దారం కట్టి చూడండి, తేడా ఉంటే స్పేసర్లతో సరిచేయాలి, స్పోకులు లాగి కాదు.

బ్రేకు

డ్రమ్ము అయితే ప్లేటుకి ఉన్న గాడి ఫోర్క్ కాలు మీదున్న ముక్కులో కూర్చోవాలి, లేదా టార్క్ ఆర్మ్ ఉండాలి. ఇది కుదరకుండా బండి నడిపితే, బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి కేబుల్ చుట్టుకుని చక్రం పట్టేస్తది, ఎగిరి పడతారు. కుదరలేదా, ఆ ఫోర్క్‌కి దాని సొంత డ్రమ్మే వాడండి, కాలు మీద ముక్కు వెల్డింగు చేయించొద్దు. డిస్క్ అయితే క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ ఒకే బండివి తీసుకోండి, రెండింటి పిస్టన్ల కొలతకి సంబంధం ఉంటది, కలిపికొడితే లివర్ రాయిలా గట్టిగా అయినా ఉంటది లేదా గ్రిప్ దాకా వచ్చేస్తది. పాత హోసు ఎంత బాగున్నా పారేసి కొత్తది వేయండి.

రోడ్డు మీద

మొదటి రోజు ఊరి బయట ఖాళీ రోడ్డులో, 20, 30 స్పీడులో, బ్రేకు నెమ్మదిగా పట్టి వదులుతూ. ఒక పక్కకి లాగుతుందా, బ్రేకు పట్టినప్పుడు టక్ మంటుందా, 40 దగ్గర చేతులు వదులు చేస్తే హ్యాండిల్ వణుకుతుందా. టక్ మంటే స్టెమ్ వదులు, వణికితే ముందు టైరు గాలీ చక్రం బ్యాలెన్సూ చూసి తర్వాత బేరింగు చూడండి, రెండూ బాగుంటే మీ ట్రెయిల్ లెక్క మళ్ళీ తీయండి. ఇది కుదిరాకే హైవే. సాలూరు దాటాక సుంకి వైపు ఘాటీ మంచి పరీక్షే, వరస మలుపులు, దిగుడులో బ్రేకు పని ఎక్కువ, కానీ అది వారం పది రోజులు ఊళ్ళో తిరిగాకే, ఒంటరిగా కాకుండా వెనక ఇంకో బండి ఉన్నప్పుడే.

కొత్త కప్పులు, బేరింగులు మొదట్లో కొంచెం కూర్చుంటాయి కాబట్టి 200 కిలోమీటర్లు తిరిగాక స్టెమ్ ఆట, పించ్ బోల్టులు, యాక్సిల్ క్లాంపు, బ్రేకు ప్లేటు గాడి మళ్ళీ చూసుకోండి. వెయ్యి లోపే ఫోర్క్ ఆయిల్ ఒకసారి మార్చేయండి, మొదటిసారి వచ్చే ఆయిల్ నల్లగా, వెండి పొడి కలిసినట్టు ఉంటది, రెండోసారి అలా రాకూడదు, వస్తే లోపల బుష్ గొట్టాన్ని తింటోంది. విప్పేసిన పాత ఫోర్క్, టీలు, గుండ్లు, నట్టులతో సహా గ్రీజు రాసి గోనెసంచిలో చుట్టి నేల మీద కాకుండా అటక మీద పెట్టండి, మన వైపు తేమకి ఒక్క వానాకాలం చాలు గొట్టం పాడవ్వడానికి.